వెతికినకొద్దీ పెరిగే అంకె

ప్రపంచంలో అచ్చవుతున్న సైన్స్ పరిశోధనల్లో దొంగవి ఎన్ని? వెయ్యికి రెండు అని చెప్పే లెక్క ఉంది. వందకు రెండు అనేది ఇంకోటి. వందకు నాలుగు, వందకు ఎనిమిది, ఏడింట ఒకటి, ఒకచోటైతే ఏకంగా వందకు 44. వీటిలో ఏదీ ఎవరో గాల్లోంచి తీసి చెప్పింది కాదు. ప్రతి అంకె వెనకా కూర్చుని లెక్కపెట్టిన మనుషులున్నారు. జవాబులు ఇంతలా మారిపోవడానికి కారణం ఒక్కటే. కొందరు జర్నల్ వెనక్కి తీసుకున్న పేపర్లను లెక్కపెట్టారు, కొందరు పరిశోధకులనే అడిగారు, కొందరు ఫొటోలు పరిశీలించారు, బహు కొద్దిమంది మాత్రం అసలు డేటా తెరిచి చూశారు. చూపు లోతుకు వెళ్లినకొద్దీ అంకె పెరిగింది.

అన్నిటికంటే చిన్న అంకెతో మొదలుపెడదాం. అచ్చయిన పేపర్‌ను నమ్మడానికి వీల్లేదని తేలితే జర్నల్ దాన్ని అధికారికంగా ఉపసంహరించుకుంటుంది. దీన్నే రిట్రాక్షన్ అంటారు. 2022లో ప్రధాన డేటాబేసులకెక్కిన పరిశోధన పేపర్లు సుమారు 28 లక్షలు. మరుసటి ఏడాది, 2023లో, రిట్రాక్ట్ అయినవి 10,000 దాటాయి. అంతకుముందు ఏ సంవత్సరంలోనూ అన్ని లేవు. నేచర్ పత్రిక వేసిన లెక్కలో ప్రతి వెయ్యి పేపర్లకూ రెండుకు పైగా రిట్రాక్ట్ అవుతున్నాయని తేలింది.

అయితే ఆ పదివేలలో 8,000 పైచిలుకు ఒక్క ప్రచురణ సంస్థవే. దాని పేరు హిందావీ. అమెరికా ప్రచురణ సంస్థ వైలీ 2021లో దాన్ని 29.8 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. హిందావీ జర్నళ్లు బయటి వాళ్లను గెస్ట్ ఎడిటర్లుగా పెట్టి ప్రత్యేక సంచికలు వేసేవి. అక్కడే ముఠాలు చొరబడ్డాయి. తమ మనిషే ఎడిటర్, తమ మనుషులే సమీక్షకులు, పేపర్లూ తమవే. గుట్టు బయటపడ్డాక వైలీకి ఒక్క ఆర్థిక సంవత్సరంలో మూడున్నర నుంచి నాలుగు కోట్ల డాలర్ల ఆదాయం పోతుందని అంచనా వేశారు. చివరికి హిందావీ అనే పేరునే వదిలేసుకున్నారు. 2023లో మోసం ఒక్కసారిగా విరగబడిందని దీనర్థం కాదు. ఒక సంస్థ తన పాత సంచికలు తనే తిరగేసుకుంది, అంతే. రిట్రాక్షన్లను బట్టి మోసం ఎంతుందో చెప్పడమంటే, స్టేషన్‌లో నమోదైన కేసులు చూసి ఊళ్లో దొంగతనాలు ఎన్నో తేల్చేయడమే.

రిట్రాక్ట్ అయిన ప్రతి పేపరూ మోసమేనా అంటే, అదీ కాదు. 2012లో ఫాంగ్, స్టీన్, కాసాడెవాల్ అనే ముగ్గురు వైద్య, జీవశాస్త్ర రంగాల్లో రిట్రాక్ట్ అయిన 2,047 పేపర్ల వెనక కారణాలు తవ్వారు. నిజాయితీగా జరిగిన పొరపాట్లు 21.3 శాతం. తప్పుడు నడవడి వల్ల పోయినవి 67.4 శాతం. అందులో డేటా మోసం, లేదా మోసమన్న గట్టి అనుమానం ఉన్నవే 43.4 శాతం. తన పొరపాటును తనే పట్టుకుని పేపర్ వెనక్కి తీసుకున్న పరిశోధకుడిని మెచ్చుకోవాలి. దొంగ డేటా వాడితో అతన్ని ఒకే గాటన కట్టడం అన్యాయం. అదే అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది. పేపర్ అచ్చయ్యాక రిట్రాక్షన్‌కు పట్టిన సమయం సగటున 33 నెలలు. మోసమైతే దాదాపు 47 నెలలు. ఆ నాలుగేళ్లూ ఆ పేపర్ నిజమైనదిగానే చలామణీ అవుతుంది. డాక్టర్లు చదువుతారు, విద్యార్థులు దాని మీద తమ థీసిస్ కట్టుకుంటారు.

ఇక పరిశోధకులనే అడిగితే? ఇటలీకి చెందిన డానియెల్ ఫానెల్లి 2009లో 18 సర్వేల ఫలితాలను కలిపి చూశారు. కనీసం ఒక్కసారైనా డేటాను కల్పించామనో, మార్చామనో ఒప్పుకున్నవాళ్లు 1.97 శాతం. తోటివాళ్లలో అలాంటి పని చేసినవాళ్లు తెలుసా అని అడిగితే అవునన్నవాళ్లు 14 శాతం. ఒకే మోసగాడి సంగతి నలుగురికి తెలిసి ఉండొచ్చు కాబట్టి రెండో అంకెను ఉన్నదున్నట్టు తీసుకోలేం. మొదటిదాన్నీ నమ్మలేం. తప్పు చేశానని ఫారం మీద రాసిచ్చే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

నెదర్లండ్స్‌లో 2020 చివర్లో చేసిన సర్వే ఈ భయానికి ఒక ఉపాయం కనిపెట్టింది. కొందరి జవాబు నిజంతో సంబంధం లేకుండా, అదృష్టం ఎటు తిప్పితే అటు పడేలా ప్రశ్నలు అమర్చారు. దాంతో ఫలానా మనిషి 'అవును' అన్నది నిజంగానో, పద్ధతి ప్రకారమో అడిగినవాళ్లకు కూడా తెలియదు. మొత్తం మీద శాతం మాత్రం లెక్కకట్టొచ్చు. 6,813 మంది జవాబిచ్చారు. గత మూడేళ్లలో ఒక్కసారైనా డేటాను కల్పించడమో, తారుమారు చేయడమో చేశామన్నవాళ్లు 8.3 శాతం అని తేలింది. ప్రశ్న దాదాపు ఒకటే. జవాబిచ్చేవాడికి కాస్త చాటు దొరికేసరికి అంకె నాలుగింతలైంది. ఈమెయిల్ అందినవాళ్లలో ఐదో వంతు మందే జవాబిచ్చారన్నది మాత్రం మరిచిపోకూడదు.

మాటలు పక్కనపెట్టి పేపర్లనే చూసినవాళ్ల దగ్గరికి వద్దాం. ఎలిజబెత్ బిక్ డచ్ మైక్రోబయాలజిస్టు, కాలిఫోర్నియాలో ఉంటారు. జీవశాస్త్ర పేపర్లలో వెస్టర్న్ బ్లాట్ అనే ఫొటోలుంటాయి. కణాల్లో ఏ ప్రొటీన్ ఎంత ఉందో చెప్పే నల్లటి చిన్న పట్టీలు వాటిలో వరసగా కనిపిస్తాయి. ఒక పట్టీని కత్తిరించి ఇంకోచోట అంటించినా, తిరగేసి పెట్టినా, ఒకే ఫొటోను రెండు వేర్వేరు ప్రయోగాలవిగా చూపించినా మామూలు కంటికి ఆనదు. బిక్ కంటికి ఆనుతుంది. 1995 నుంచి 2014 వరకు 40 జర్నళ్లలో వచ్చిన 20,621 పేపర్ల ఫొటోలను ఆవిడ ఒక్కొక్కటిగా కళ్లతోనే చూశారు. అనుమానం వచ్చిన వాటిని మరో ఇద్దరు శాస్త్రవేత్తలు సరిచూశారు. 3.8 శాతం పేపర్లలో ఫొటోలు తేడాగా ఉన్నాయి. వాటిలో కనీసం సగం కావాలని చేసినట్టే కనిపించాయి. ఫొటోలు లేని మోసాలు, అంటే వట్టి అంకెల్లో జరిగినవి, ఈ లెక్కలోకి రావు.

ఆ అధ్యయనంలో నన్ను పట్టి కూర్చోబెట్టింది సగటు కాదు, జర్నల్‌కూ జర్నల్‌కూ ఉన్న తేడా. ఒకదాంట్లో 12.4 శాతం పేపర్లు తేడా ఉంటే, జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో 0.3 శాతమే. ఆ జర్నల్ 2002 నుంచే ప్రతి ఫొటోనూ అచ్చుకు ముందే తనిఖీ చేస్తోంది. పరిశోధకులు ఒకే ప్రపంచంలోని వాళ్లు, ఒకే రకం ఒత్తిళ్లలో ఉన్నవాళ్లు. గుమ్మంలో చూసేవాడు ఉన్నచోట తేడా ఫొటోలున్న పేపర్లు నలభయ్యో వంతుకు పడిపోయాయి.

మత్తు డాక్టరు అడిగిన స్ప్రెడ్‌షీట్

జాన్ కార్లైల్ ఇంగ్లండ్‌లోని టోర్బే ఆసుపత్రిలో మత్తు డాక్టరు. అప్పట్లో 'అనస్థీషియా' అనే జర్నల్‌కు ఎడిటర్లలో ఒకరు కూడా. 2017 ఫిబ్రవరి నుంచి 2020 మార్చి దాకా ఆ జర్నల్‌కు వచ్చిన 526 క్లినికల్ ట్రయల్స్‌ను, అంటే పేషెంట్ల మీద చికిత్సలను పరీక్షించిన అధ్యయనాలను, ఆయన పరిశీలించారు. వీటిలో 373 ట్రయల్స్‌కు పేపర్ మాత్రమే ఉంది: సగటులు, పట్టికలు, గ్రాఫులు. మిగతా 153 ట్రయల్స్‌కు ముడి డేటా కూడా దొరికింది. అంటే ఒక్కో పేషెంట్‌కు ఒక వరుస చొప్పున వయసు, బరువు, బీపీ, ఎంత మందు ఇచ్చారు, ఎంతసేపటికి మెలకువ వచ్చింది అన్నీ నింపిన స్ప్రెడ్‌షీట్.

పేపర్ మాత్రమే చూసిన 373లో దొంగ డేటా దొరికింది ఆరింటిలో, రెండు శాతం కూడా కాదు. స్ప్రెడ్‌షీట్ తెరిచిన 153లో 67, అంటే 44 శాతం. వీటిలో 40 ట్రయల్స్ ఎంత చెడిపోయాయంటే వాటిని కార్లైల్ 'జాంబీ' అన్నారు. పైకి నడుస్తున్న ట్రయల్‌లా ఉంటుంది, లోపల ప్రాణం లేదు.

ఆ షీట్లలో ఆయనకు కనిపించింది వింటే ఆశ్చర్యమేస్తుంది, మోసం అంత మోటుగా ఉంటుంది. ఒక పేషెంట్ అంకెలు కింద ఇంకో పేషెంట్ వరుసలో మళ్లీ అలాగే వస్తాయి. ఒక నిలువు వరుసను మొత్తంగా కాపీ చేసి పక్కన అతికించి ఉంటుంది. మనిషి శరీరంలో ఉండడానికి వీల్లేని విలువలుంటాయి. వందమంది పేషెంట్లను కల్పించడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక లేనివాడు ఇరవై మందిని కల్పించి ఐదుసార్లు అతికిస్తాడు. పేపర్లో ఇదేమీ కనపడదు. సగటు 54.2 అని ఉంటుంది, అది చూసి ఎవరు మాత్రం ఏం అనుమానిస్తారు?

ఈ 44 శాతాన్ని పట్టుకుని ట్రయల్స్‌లో సగం దొంగవి అనేవాళ్లున్నారు. అది సరికాదు. కార్లైల్ ముడి డేటా అడిగింది మొదట్లో అనుమానం వచ్చిన ట్రయల్స్ నుంచి, తర్వాత కొన్ని దేశాల నుంచి వచ్చినవాటి నుంచి. ఆ దేశాల జాబితాలో మనదీ ఉంది. కాబట్టి ఆ 153 ప్రపంచం మొత్తానికి నమూనా కావు. పైగా ఇవి జర్నల్‌కు పంపినవే కానీ అచ్చయినవి కావు. అయితే మొత్తం 526ను కలిపి చూసినా 73 ట్రయల్స్‌లో, అంటే 14 శాతంలో, దొంగ డేటా దొరికింది. అదీ మూడింట రెండు వంతుల ట్రయల్స్ డేటా ఎవరూ చూడకుండానే. 2024లో జేమ్స్ హీథర్స్ అనే పరిశోధకుడు ఇలాంటివే 12 అధ్యయనాలను పోగేసి 'ఏడింట ఒకటి' అన్న అంచనాకు వచ్చారు. ఆ అంకె బాగా వాడుకలోకి వచ్చింది కానీ, అది పద్ధతి ప్రకారం చేసిన సమీక్ష కాదని ఆయనే ఒప్పుకున్నారు.

హీథర్స్, నిక్ బ్రౌన్ అనే మరో పరిశోధకుడు కలిసి కనిపెట్టిన ఒక చిన్న పరీక్షకు మాత్రం కంప్యూటర్ కూడా అక్కర్లేదు. ఒక సర్వేలో 20 మందిని ఒకటి నుంచి ఏడు దాకా ఏదో ఒక పూర్ణాంకం చెప్పమన్నారనుకోండి. 20తో భాగిస్తే సగటు 3.40, 3.45, 3.50 ఇలా 0.05 చొప్పునే పెరగాలి. పేపర్లో సగటు 3.47 అని ఉంటే? ఏ 20 మంది ఏ జవాబులిచ్చినా ఆ సగటు రాదు. మనస్తత్వశాస్త్ర పేపర్లలో ఈ పరీక్ష పెట్టడానికి వీలున్న 71ని తీసుకుంటే, దాదాపు సగంలో కనీసం ఒక్క అసాధ్యమైన సగటు దొరికింది. ఇది మోసమే అనలేం. టైపు తప్పు కావచ్చు, ఇద్దరు మధ్యలో జవాబివ్వడం మానేసి ఉండొచ్చు. తేల్చుకోవాలంటే మళ్లీ ముడి డేటాయే కావాలి.

సూది దాకా వచ్చిన అబద్ధం

ఇదంతా ప్రొఫెసర్ల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ల కోసం ఒక మందు సంగతి చెప్పాలి. ఆపరేషన్‌లో రక్తం పోయినప్పుడు రక్తనాళాల్లో ద్రవం తగ్గకుండా సెలైన్ ఎక్కిస్తారు. సెలైన్‌కు బదులు హైడ్రాక్సీఈథైల్ స్టార్చ్ అనే ద్రావణాన్ని ఏళ్లపాటు ఎక్కించారు. అది మంచిదని గట్టిగా చెప్పినవాళ్లలో ముందుండేది జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్ ఆసుపత్రికి చెందిన యోఆకిమ్ బోల్ట్. 2009లో ఆయన రాసిన ఒక పేపర్ చదివిన డాక్టర్లకు అంకెలు మరీ పొందికగా ఉన్నాయనిపించింది. పేషెంట్‌కూ పేషెంట్‌కూ ఉండాల్సిన తేడా లేదు. జర్నల్‌కు ఉత్తరాలు రాశారు. విచారణలో ఆ ట్రయల్‌కు ఎథిక్స్ కమిటీ అనుమతి లేదని, అసలు ఆ ట్రయలే జరగలేదని తేలింది. తర్వాత తవ్వితే ఒక్కొక్కటిగా ఊడొచ్చాయి. ఇప్పటికి రిట్రాక్ట్ అయిన బోల్ట్ పేపర్లు 200 దాటాయి.

2013లో రయన్ జరిచాన్‌స్కి బృందం ఈ ద్రావణం మీద జరిగిన 38 ట్రయల్స్‌ను కలిపి లెక్కగట్టింది. అందులో బోల్ట్‌వి ఏడు. ఆ ఏడింటినీ తీసేసి, మిగిలిన 10,000 మందికి పైగా పేషెంట్ల డేటా చూస్తే, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లలో ఈ ద్రావణం వల్ల మరణం ముప్పు 9 శాతం పెరిగిందని బయటపడింది. కిడ్నీలు దెబ్బతినే ముప్పు అంతకన్నా ఎక్కువ. యూరప్‌లో ఈ ద్రావణాల అమ్మకానికి అనుమతి నిలిపేసింది 2022లో. మొదటి పేపర్ మీద అనుమానం రేగిన పన్నెండేళ్లకు. ఈ మధ్యకాలంలో ఐసీయూల్లో ఎంతమందికి దాన్ని ఎక్కించారో, వాళ్లలో ఎవరికి ఏమైందో ఎవరు లెక్క చెబుతారు? నాకు ఈ విషయంలో కోపం వచ్చేది ఇక్కడే. దొంగ పేపర్ వల్ల రాసినవాడికి ప్రమోషన్ వస్తుంది, జర్నల్‌కు పేరొస్తుంది, మూల్యం మాత్రం మంచం మీద స్పృహలేని మనిషి చెల్లిస్తాడు.

బోల్ట్ లాంటివాళ్లు ఒంటరి మోసగాళ్లు. గత పదిహేనేళ్లలో పరిశ్రమే పుట్టింది. పేపర్ మిల్లులంటారు వీటిని. పేపర్ తయారుచేసి, అందులో మొదటి రచయిత స్థానం ఇంత, మూడో రచయిత స్థానం ఇంత అని రేటు పెట్టి అమ్ముతాయి. కాపీ దొరక్కుండా ఉండడానికి ఎవరిదో పేపర్‌ను సాఫ్ట్‌వేర్‌లో వేసి మాటలు మార్పిస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కు శాస్త్రం తెలియదు కదా, రొమ్ము క్యాన్సర్‌ను 'రొమ్ము ఆపద' అని, కృత్రిమ మేధను 'నకిలీ స్పృహ' అని మారుస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన గియోమ్ కాబనాక్, ఆయన సహచరులు 2021 నుంచి ఇలాంటి వంకర మాటల జాబితా పెట్టుకుని వేల పేపర్లను పట్టుకున్నారు. వాటిని ఎడిటర్, ఇద్దరు సమీక్షకులు చదివి సరేనన్నారంటే, వాళ్లు చదివారని ఎలా నమ్మాలి?

మిల్లు సరుకు ఎంత అన్నదానికి ఆడమ్ డే అనే విశ్లేషకుడి అంచనా ఉంది. రెండు దశాబ్దాల్లో వచ్చిన పేపర్లలో నాలుగు లక్షలు మిల్లు పేపర్లను పోలి ఉన్నాయి. ఒక్క 2022లోనే 70,000. అంటే ఆ ఏడాది పేపర్లలో ఒకటిన్నర నుంచి రెండు శాతం, వైద్య, జీవశాస్త్రాల్లో మూడు శాతం. ఆరు ప్రచురణ సంస్థలకు వచ్చిన 53,000 పేపర్లను 2022లో పరిశీలిస్తే, అనుమానాస్పదమైనవి ఒక్కో జర్నల్‌లో 2 శాతం నుంచి 46 శాతం దాకా తేలాయి. 2025లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించిన లెక్క వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది. మొత్తం పేపర్ల సంఖ్య రెట్టింపు కావడానికి 15 ఏళ్లు పడుతుంటే, మిల్లు పేపర్లు ఏడాదిన్నరకోసారి రెట్టింపవుతున్నాయి.

హైదరాబాద్, తిరుపతి

ఈ కథలో మన ఊళ్ల పేర్లూ ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ వందల జర్నళ్లు పెట్టింది. సమీక్ష సరిగా చేయకుండానే చేసినట్టు చెబుతోందని, ప్రముఖ శాస్త్రవేత్తల పేర్లు వాడుకుంటోందని, ఫీజు ముందు చెప్పకుండా తర్వాత వసూలు చేస్తోందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5.01 కోట్ల డాలర్లు, అప్పటి రేటున సుమారు 350 కోట్ల రూపాయలు, కట్టమని తీర్పిచ్చింది. ఇలాంటి డబ్బుకు అచ్చువేసే జర్నళ్లలో 2014లో 4,20,000 పేపర్లు వచ్చాయని షెన్, బ్యోర్క్ అనే ఇద్దరు పరిశోధకులు అంచనా వేశారు. ఆ ప్రచురణ సంస్థల్లో 27 శాతం భారతదేశంలోవి. పేపర్ రాసినవాళ్లలో 35 శాతం మనవాళ్లు.

తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ 2004-07 మధ్య విదేశీ జర్నళ్లలో వేసిన 70కి పైగా పేపర్లు కాపీవో, కల్పించినవో అన్న ఆరోపణ 2008లో ప్రపంచమంతా పాకింది. మూడు నాలుగేళ్లలో 70 పేపర్లు! అన్ని ప్రయోగాలు చేయడం ఎవరికైనా సాధ్యమా అని పక్క ల్యాబ్ వాళ్లకు అనుమానం రాలేదా? వచ్చి ఉంటే ఎవరికి చెప్పుకోవాలి?

మన దగ్గర ఈ రోగానికి ఎరువు వేసింది లెక్కల పిచ్చి. అధ్యాపకుల ఉద్యోగాలకు, ప్రమోషన్లకు 2010లో యూజీసీ తెచ్చిన ఏపీఐ స్కోరులో ఒక్కో పేపర్‌కు ఇన్ని పాయింట్లు వచ్చేవి. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే ముందు పేపర్ పడాలన్న నిబంధన 2022 దాకా ఉంది. డిగ్రీ కాలేజీలో వారానికి పదహారు క్లాసులు చెబుతూ, ల్యాబ్ లేకుండా, గ్రాంట్ లేకుండా పేపర్లు వేయమంటే ఏం జరుగుతుంది? "మేడమ్, ఒక పేపర్ పడాలి, ఎక్కడైనా పర్లేదు" అన్న మాట ఏ యూనివర్సిటీ క్యాంటీన్‌లోనైనా వినిపిస్తుంది. అలా పడిన పేపర్లకు జర్నళ్లూ అలాగే పుట్టుకొచ్చాయి. 2018 మే నెలలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి ఒకేసారి 4,305 జర్నళ్లను తీసేయాల్సి వచ్చింది.

అదే ఏడాది యూజీసీ కాపీ మీద నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో పోలిక 10 శాతం దాకా ఫర్వాలేదు, 40 దాటితే ఏడాది నిషేధం, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. స్కాలర్లంతా ఇప్పుడు రాత్రిళ్లు కూర్చుని వాక్యాలు అటూ ఇటూ తిప్పి ఆ శాతం దించుకుంటున్నారు. కాపీని ఆపడం మంచిదే. కానీ సొంతంగా కల్పించిన డేటాకు ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే పోలిక సున్నా. బోల్ట్ పేపర్లు మన తనిఖీలో దర్జాగా పాసవుతాయి.

2025 నుంచి కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో రిట్రాక్షన్లకు మార్కులు కోస్తున్నారు. ఉద్దేశం అర్థమవుతుంది కానీ నాకు ఇందులో గుబులుంది. పాత తప్పును బయటపెట్టుకున్న యూనివర్సిటీకి మార్కులు పోతాయి, కప్పిపుచ్చుకున్నదానికి పోవు. ఫిర్యాదు చేసిన స్కాలర్‌తో గైడ్ 'ర్యాంకు పోతుందమ్మా, వదిలెయ్' అనడానికి ఇంకో కారణం దొరికింది.

పై లెక్కలన్నీ చదివాక నాకు మిగిలిన నమ్మకం ఇది: డేటా అడిగినచోటే మోసం దొరికింది, ముందే అడిగినచోట తగ్గింది. భారత్‌లో క్లినికల్ ట్రయల్ చేయాలంటే సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ముందుగా రిజిస్టర్ చేయించాలన్న నిబంధన 2009 జూన్ నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కు చెందిన సంస్థే దాన్ని నడుపుతోంది. ట్రయల్ ముగిశాక పేషెంట్ల పేర్లు తీసేసిన ముడి డేటాను కూడా అక్కడే జమచేయాలని ఇంకో నిబంధన పెట్టొచ్చు. ఎవరైనా తెరిచి చూస్తారని తెలిస్తే, ఇరవై మందిని కల్పించి ఐదుసార్లు అతికించే ముందు ఆ చెయ్యి ఆగుతుంది. ఆగనివాళ్లను పట్టుకోవడానికి ఇద్దరు స్టాటిస్టీషియన్లను నియమించినా చాలు. కార్లైల్ ఆ 526 ట్రయల్స్‌నూ మత్తు డాక్టరుగా డ్యూటీ చేస్తూనే చూశారు.